వేలిముద్ర మనది, లెక్క వాళ్లదా?

మార్చి వచ్చిందంటే చాలు, దొంగలెక్కల పారిశుద్ధ్య కాంట్రాక్టరుకు మన అమ్మలక్కల వేలిముద్రలు గుర్తొస్తాయి. పన్ను కాగితాలకు జీతాల రిజిస్టరు నిండాలి కదా! చేతికిచ్చింది 20 రోజుల కూలి, పుస్తకంలో ఎక్కింది 26 రోజులు. తేడా జేబులోకి. పైగా మొత్తాన్నీ ఖర్చుగా చూపి పన్నూ ఎగ్గొడతాడు. మన కూలీ పోయె, సర్కారు సొమ్మూ పోయె.

పి.ఎఫ్. అని 12 శాతం కోస్తాడే, తన వాటా కలిపి మరుసటి నెల 15లోగా కట్టాలి. కట్టాడో లేదో పాసుబుక్కులో చూడండి. 1942–46లో కార్మిక శాఖ నడిపిన అంబేడ్కర్ బిడ్డలం, ఖాళీ కాగితం మీద వేలెందుకు వేస్తాం? వాడలో చదువుకున్న పిల్లలు ఏ రోజు ఎవరు పనికెళ్లారో నోటుబుక్కులో రాయాలి. మార్చి 31కి ముందే దాన్నీ మస్టరునీ పక్కపక్కన పెట్టి చూస్తాం. కూలిచీటీ ఇవ్వందే వేలిముద్ర లేదు.