పిల్లలకు తెలిసినది అడగని సర్వేలు

వాయు కాలుష్యంపై విద్యార్థుల అవగాహన ఎంత? ఏటా ఎక్కడో ఒకచోట, ఏదో ఒక ప్రాజెక్టు కోసం ఈ ప్రశ్నావళి పంచుతూనే ఉంటారు. కాలుష్యానికి కారణాలేవి? వాహనాలు, పరిశ్రమలు. మొక్కలు నాటాలా? నాటాలి. మాస్టారు పక్కనే నిలబడి ఉంటే ‘నాకు పట్టదు’ అని టిక్కు పెట్టే పిల్లాడుంటాడా? చివరికి నివేదిక ‘అవగాహన ఇంకా పెరగాలి’ అంటుంది. ఆ వాక్యం రాయడానికి సర్వే దేనికో!

పాఠం చెప్పలేదన్న లోటు మనకు లేదు. ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయమంది. తర్వాత డిగ్రీలోనూ పర్యావరణ అధ్యయనం పేపరు వచ్చింది. పరీక్ష ముందు రోజు గైడు తిరగేసి గట్టెక్కే పేపరది. మన సర్వేలు చాలావరకు దాన్నే మళ్లీ రాయిస్తున్నాయి.

విశాఖ వన్‌టౌన్‌నే తీసుకోండి. పక్కనే ఓడరేవు. బొగ్గు, ఇనుప ఖనిజం వచ్చేదీ పోయేదీ అక్కడే. మేడ మీద ఆరేసిన తెల్ల యూనిఫాం మీద నల్లపొడి వాలుతుంది. పొద్దున తుడిచిన కిటికీ ఊచ సాయంత్రానికి మళ్లీ చేతికి మసి అంటిస్తుంది. ఆ ఇంటి పిల్లకు పీఎం 2.5 నిర్వచనం రాకపోవచ్చు. ఏ కాలంలో ధూళి ఎక్కువో, గాలి ఎటు వీస్తే కిటికీ మూయాలో అమ్మతో పాటు తనకూ తెలుసు. అది అడిగే గడి మాత్రం ఫారంలో ఉండదు.

ఇంకో చిక్కుంది. సూక్ష్మధూళి (పీఎం 2.5) 24 గంటల సగటు ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములుంటే మన గాలి నాణ్యత సూచీ దాన్ని ‘సంతృప్తికరం’ అంటుంది, లేత ఆకుపచ్చ రంగేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన పరిమితి 15. ఫోన్‌లో ఆ రంగు చూసి ‘ఈ రోజు గాలి బాగుంది’ అన్న కుర్రాడికి అవగాహన ఉన్నట్టా, లేనట్టా? ఇంట్లో వెలిగించే దోమల కాయిల్ సంగతి సరేసరి. ఒక్క కాయిల్ వదిలే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్లు వదిలేదానితో సమానమని 2003 నాటి ఒక అధ్యయనం తేల్చింది. ‘కాలుష్యం ఎక్కడుంది’ అంటే పిల్లలు రోడ్డునే చూపిస్తారు. మనం నేర్పిందదే.

కాబట్టి పిల్లల్ని పరీక్ష రాసేవాళ్లుగా కాక సాక్షులుగా అడగాలి. బడి గేటు దగ్గర ఆటోలు ఇంజన్ ఆపుతున్నాయా? చెత్త ఎక్కడ, ఏ వేళ తగలబెడుతున్నారు? తరగతిలో ఇన్హేలర్ తెచ్చుకునేవారెందరు? 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో విశాఖ, విజయవాడ, హైదరాబాద్ ఉన్నాయి. నగరానికి కొన్ని కొలత కేంద్రాలే ఉన్నచోట వీధి వీధికీ ఇంత నమ్మకంగా కబురు తెచ్చేవారు ఇంకెవరు?

అయితే అడిగి ఊరుకోకూడదు. వన్‌టౌన్ పిల్లలు రాసిన ఫారాలు కాలుష్య నియంత్రణ మండలికీ, పోర్టు అధికారులకూ వెళ్లాలి. బొగ్గు గుట్టల మీద కప్పు ఎంతవరకు వేశారో, నీళ్లు రోజుకు ఎన్నిసార్లు చల్లుతున్నారో రాతపూర్వకంగా ఆ బడికి జవాబు రావాలి, అదీ ఆ విద్యా సంవత్సరం ముగిసేలోగా.