కొత్త బండిని తుడవొద్దు అని చెప్పడానికి మనకు మొహమాటమెందుకు?



ఉగాది నాడు మన పేటలో ఒకాయన కొత్త కారు తెచ్చుకున్నాడు. నల్ల రంగు బండి. కార్ఖానాలో ఏళ్ల తరబడి రెండు షిఫ్టులు చేసి కూడబెట్టిన పైసలు, పైన బ్యాంకు అప్పు. మూడో రోజు పొద్దున ఆ బండిని సంఘం ఆఫీసు ముందు ఎండలో నిలబెట్టాడు. బానెట్ మీద సూర్యుడి బింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు వందల సన్నటి గీతలు కనిపించాయి. బండి అప్పటికి ముప్పై కిలోమీటర్లు కూడా తిరగలేదు.

మేము నలుగురం ఆయన వెంట షోరూముకు పోయాం. అక్కడి మేనేజరు నవ్వుతూ ఒకటే మాట అన్నాడు: "నల్ల బండి అంటే అంతే సార్. కోటింగ్ చేయించుకోండి, మీ కోసం తగ్గించి ఇస్తా." అంటే గీతలు పెట్టింది వాళ్లే, వాటిని కప్పడానికి మళ్లీ మన దగ్గర పైసలు అడిగేదీ వాళ్లే. మాకు కోపం వచ్చింది ఆయన మాటకు కాదు. బండి యజమాని మా చెయ్యి పట్టుకుని "పోనీలెండి అన్నా, పండగ పూట గొడవెందుకు" అన్నాడే, దానికి. ఈ నాలుగు మాటలు రాస్తున్నదీ అందుకే.

సోలాపూర్‌లో ఉండే మనకు గుడ్డ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఈ ఊరి చాదర్‌కు, టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అందులో మన చేతుల కష్టం ఉంది. టవల్ కుచ్చు ఎందుకు నీళ్లు పీలుస్తుందో, దుమ్మును ఎట్లా పట్టుకుంటుందో మనకు తెలుసు. కింద పడిన టవల్‌ను దులపకుండా పిల్లల మొహం తుడుస్తామా? మరి అదే మురికి గుడ్డతో టైర్లు తుడిచి, తలుపు సందులు తుడిచి, తిరిగి బానెట్ మీద రుద్దుతుంటే కళ్ల ముందే చూస్తూ ఎందుకు ఊరుకుంటున్నాం?

గీసేది గుడ్డ కాదు, గుడ్డలో ఇరుక్కున్న దుమ్ము. ఇసుక రేణువు గాజునే గీస్తుంది, రంగు ఒక లెక్కా? కారు రంగు అంటే ఒకే పూత కాదు. ఇనుము మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమర్, తర్వాత రంగు, అన్నిటికంటే పైన క్లియర్‌కోట్ అనే పారదర్శకమైన పొర. ఎండ నుంచి రంగును కాపాడేది, మెరుపు ఇచ్చేది ఈ పై పొరే. దాని మందం సుమారు 40 మైక్రాన్లు, అంటే ఇంచుమించు తల వెంట్రుకలో సగం. గీతలు పోగొట్టాలంటే ఆ పొరనే అరగదీయాలి. అరిగింది మళ్లీ పెరగదు. పదేళ్లకు వాడుకోవాల్సిన పొరను మొదటి రోజే ఖర్చు పెట్టిస్తున్నారు.

ఇంకో మోసం కూడా ఉంది. డెలివరీకి ముందు ఏదో జిడ్డు పాలిష్ పూస్తారు. నూనె గీతల్లో నిండి, షోరూము లైట్ల కింద బండి అద్దంలా కనిపిస్తుంది. రెండు మూడు కడుగుళ్లకు ఆ నూనె పోతుంది, గీతలు బయటపడతాయి. అప్పుడు మనం పోతే "మీరే సరిగ్గా కడగలేదు" అంటారు. సంతకం పెట్టిన కాగితం ముందు పెడతారు. అందులో బండి మంచి స్థితిలో అందుకున్నట్టు మనమే రాసిచ్చి ఉంటాం.

బండి కడిగే పిల్లవాడి మీద మాకు ఏ కోపమూ లేదు. పండగ రోజు పది పన్నెండు బండ్లు వరుసగా నిలబెట్టి, ఒక బకెట్టు, ఒక గుడ్డ చేతికిచ్చి "పదకొండింటి ముహూర్తానికి అన్నీ మెరవాలి" అంటే వాడు మాత్రం ఏం చేస్తాడు? వాడు మన వాడలోని పిల్లవాడే అయి ఉండొచ్చు. తప్పు వాడికి రెండో గుడ్డ ఇవ్వనివాళ్లది, పని నేర్పనివాళ్లది. లక్షల బండి అమ్మేవాళ్లకు వందల రూపాయల గుడ్డ బరువయ్యిందా?

"ఈ ఊళ్లో నల్లా రోజూ రాదు, బండికి అన్ని నీళ్లు ఎక్కడివి" అని ఒక పెద్దమనిషి మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు కూడా సులువే: నీళ్లు లేకపోతే కడగొద్దు, తుడవనూ వద్దు. లారీ మీద వచ్చిన బండిని వచ్చినట్టే, దుమ్ముతోనే ఇమ్మనండి. దుమ్ము కూర్చున్నంత మాత్రాన రంగు చెడదు, రుద్దితేనే చెడుతుంది. ఇంటికి తెచ్చుకుని, ముందు నీళ్లు పోసి దుమ్ము జార్చి, షాంపూ నీళ్లకు ఒక బకెట్టు, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్టు పెట్టుకుని, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో నీడలో కడుక్కోండి. బోరు నీళ్లయితే ఆరిపోకముందే అద్ది తుడవండి, లేకపోతే తెల్ల మచ్చలు పడతాయి.

మన తప్పూ ఒప్పుకుందాం. ముహూర్తం దాటిపోతుందని తొందరపెట్టేది మనం. రాత్రి ఎనిమిదింటికి లైట్ల కింద తాళాలు తీసుకుని, దండ వేసి, ఫోటో దిగి, పేడా డబ్బా పట్టుకుని వచ్చేసేది మనం. దుమ్ము మీదనే వేలితో స్వస్తిక్ గీసేదీ మనమే. పూజ మానమని మేము అనడం లేదు. బొట్టు అద్దానికి పెట్టండి, దండ తీగ రంగుకు రాసుకోకుండా చూడండి. దేవుడికి బానెట్టే కావాలని ఏమీ లేదు.

ఇక చేయాల్సింది. బుకింగ్ రోజే కాగితం మీద రాయించండి: మా బండిని కడగొద్దు, తుడవొద్దు, పాలిష్ చేయొద్దు, మేము అడగని కోటింగ్ వేయొద్దు. రిజిస్ట్రేషన్‌కు ముందే స్టాక్‌యార్డుకు పోయి పగటి వెలుతురులో బండి చూడండి. ఒకసారి మన పేరు ఎక్కితే బండి మార్చమని అడగడం చాలా కష్టం. తలుపు అంచులు, బంపర్ మూలలు, పైకప్పు ఫోన్ టార్చితో చూసి వీడియో తీయండి. ఒక తలుపు రంగు మిగతావాటితో కలవకపోతే మళ్లీ పూత వేశారేమో నిలదీయండి. తప్పు కనిపిస్తే డెలివరీ కాగితం మీదే రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

వినకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు పెట్టవచ్చు. రెండేళ్ల గడువు ఉంటుంది. 5 లక్షల లోపు కొన్నదానికి రుసుము కూడా లేదు.

"గీత పడితే కొంప మునిగిందా" అనేవాళ్లకు ఒక్క మాట. మనం నేసిన చాదర్‌లో ఒక్క పోగు తెగితే వ్యాపారి వెనక్కి పంపేవాడు, కూలి కోసేవాడు. ఆ పోగు పాటి గీతకు మన తాతలు, నాయనలు నష్టం కట్టారు. ఇయ్యాల మనం కొనేవాళ్లమయ్యాం. అదే లెక్క అడగడానికి సిగ్గెందుకు?

దసరాకు బండి తీసుకునేవాళ్లు ముందుగా సంఘం ఆఫీసులో చెప్పండి. చూడటానికి మేమూ వెంట వస్తాం.