శుభం కార్డు ఏమైంది?

'కల్కి' చూసి బయటికొస్తుంటే మా అమ్మ మెట్ల మీదే ఆగిపోయింది.

"ఒరే, అంతేనా?"

"అంతేనమ్మా."

"మరి ఆ పిల్ల పురుడు?"

"రెండో భాగంలో."

"ఎప్పుడొస్తుందిరా అది?"

ఇక్కడ నా దగ్గర జవాబు లేదు. 2024 జూన్ ఆఖరు వారం అది. అమ్మకి అప్పటికి 79. మోకాళ్లు సహకరించకపోయినా అశ్వత్థామ ఉన్నాడని చెబితే బయల్దేరింది. అమితాబ్‌ని చూసి మురిసిపోయింది, ద్రోణుడి కొడుకంటే ఆ మాత్రం ఎత్తు ఉండాలంది. బుజ్జి అనే కారు మాట్లాడుతుంటే మాత్రం ఒక కునుకు తీసింది. చివర్లో కమల్ హాసన్ గాండీవం పట్టుకోగానే నా చెయ్యి గిల్లింది. "అర్జునుడు దాన్ని సముద్రంలో పారేశాడు కదరా, వీడికెలా దొరికింది?" అదీ రెండో భాగంలోనే చెబుతారన్నాను. ఆటోలో కూర్చున్నాక తీర్పు చెప్పేసింది: "మా సీరియల్ వాళ్లే నయం నాయనా. రేపు ఇదే వేళకి చెప్పేస్తారు."

ఆ మాట నన్ను ఏడాదిన్నరగా వెంటాడుతోంది. నేను మామూలు ప్రేక్షకుణ్ణి కాను. తొలి ఆటకి వెళ్లి, హీరో పేరు తెర మీద పడగానే చించిన కాగితాలు ఎగరేసే బాపతు. వయసు మీద పడ్డాక కాగితాలు మానేశాను గానీ ఈలలు మానలేదు. అలాంటి నాకే ఈ మధ్య పెద్ద సినిమా నుంచి బయటికొచ్చేటప్పుడు కడుపు నిండటం లేదు. విస్తట్లో అన్నీ వడ్డించి, పెరుగన్నం దగ్గర లేపేసినట్టు ఉంటోంది.

మా చిన్నప్పుడు తెర మీద 'శుభం' అని పడేది. ఆ అక్షరాలు పడ్డాకే జనం చెప్పులు వెతుక్కునేవాళ్లు. ఇప్పుడు ఆ చోట 'పార్ట్ 2' అని పడుతోంది.

దీనికి మొదటి ముద్దాయి 'బాహుబలి' అంటారు. నేనొప్పుకోను. 2015 జూలై 10న ఆ సినిమా చూసి, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న మీద టీ కొట్టు దగ్గర గంటలకొద్దీ వాదించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక్క పూట కూడా మోసపోయాననిపించలేదు. ఎందుకంటే మొదటి భాగం తన కథ తాను ముగించుకుంది. కాలకేయుడితో యుద్ధం అయిపోయింది. వాణ్ణి చంపింది భల్లాలుడే అయినా, జనాన్ని కాపాడినవాడికే శివగామి సింహాసనం ఇచ్చింది. రాజెవరో తేలింది. ఆ తర్వాతే కత్తి దిగింది. అంటే భోజనం పూర్తిగా పెట్టి, చేతులు కడుక్కుంటుంటే చెవిలో ఓ రహస్యం చెప్పాడు రాజమౌళి. 2017 ఏప్రిల్ 28న వచ్చి జవాబు కూడా చెప్పాడు. రెండేళ్లు నిండకుండానే.

తర్వాత వచ్చినవాళ్లు రహస్యాన్ని పట్టుకుని భోజనాన్ని వదిలేశారు. 'దేవర' చూడండి. ఎర్రసముద్రం, ఆ ఆయుధపూజ, నీళ్ల మీద ఆ రక్తం రంగు వెన్నెల, అనిరుధ్ వాయింపు... ఫస్టాఫ్‌కి నా గొంతు పోయింది. చివరికి తేలిందేమిటి? దేవరని చంపింది కొడుకు వరే. ఎందుకు? తర్వాత చెబుతాం. కట్టప్ప కత్తినే మళ్లీ సానబెట్టి కొడుకు చేతికిచ్చారు, అంతే. 'సలార్' అయితే మూడు గంటలు ఊదిన శంఖం. యుద్ధం మాత్రం రెండో భాగంలోనట. కానీ ఈ రెండిటికీ ఒక మర్యాద ఉంది. పేరులోనే 'పార్ట్ 1' అని రాసి అమ్మారు. తెలిసే కొన్నాం కాబట్టి ఫిర్యాదు సగమే. 'కల్కి' పేరులో 2898 అనే అంకె ఉంది గానీ ఒకటో భాగం అనే ముక్క లేదు. అమ్మ కోపం అందుకే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం 'పుష్ప 2'. నచ్చక కాదు, మరీ నచ్చి. గంగమ్మ జాతరలో మాతంగి వేషం కట్టి అల్లు అర్జున్ ఆడిన ఆ ఘట్టం దగ్గర హాల్లో పక్క సీట్లో ఉన్న పెద్దావిడ దణ్ణం పెట్టింది. పెద్ద హీరోకి చీర కట్టి, రంగు పూసి, కాళ్లకి గజ్జె కట్టి, కోట్ల మంది చేత ఈల వేయించడం దర్శకుడు సుకుమార్ ధైర్యం. తిరుపతి జాతర చూసినవాళ్లకి ఆ వేషం విలువ తెలుసు.

కానీ పుష్ప కథలో అసలు గాయం ఎర్రచందనం కాదు, ఇంటిపేరు. 2021లో మొదటి భాగం మొదలైందే దాంతో. అన్న గెంటేసిన తమ్ముడు, తండ్రి పేరు చెప్పుకోనివ్వని లోకం. రెండో భాగం చివర అన్న కూతురి పెళ్లిలో ఆ ఇంటిపేరు అతనికి దక్కుతుంది. అన్న మనసు మారుతుంది. నేను కళ్లు తుడుచుకున్నాను. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమాకి, మూడేళ్ల ఎదురుచూపుకి అంతకన్నా మంచి ముగింపు ఏముంటుంది? 'శుభం' పడాల్సిన క్షణం సరిగ్గా అదే. పడింది బాంబు. పెళ్లి పందిరి పేలిపోయి, తెర మీద 'ర్యాంపేజ్' అని మూడో భాగం పేరు వచ్చింది. నా కళ్లలో నీళ్లు ఇంకా ఆరనే లేదు, అప్పుడే తర్వాతి టికెట్ అమ్మేస్తున్నారు! ఆ ప్రీమియర్ ఆటకి తెలంగాణలో టికెట్ మీద అదనంగా 800 రూపాయలు తీసుకోవచ్చని ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. అదనం కట్టినవాడికి ముగింపు కూడా లేదు.

లెక్కలు నాకు తెలియనివి కావు. వేసిన సెట్టు మళ్లీ పనికొస్తుంది, జనం నోట్లో నానిన పేరుకి కొత్తగా ప్రచారం అక్కర్లేదు, రెండో భాగం హక్కులు మొదటి భాగం ఆడుతుండగానే బేరానికొస్తాయి. వ్యాపారానికి మంచిదే. కథకే కష్టం. సినిమా అంటే మనుషులు. వాళ్ల తేదీలు, వాళ్ల అలకలు, వాళ్ల వయసు. 2025 సెప్టెంబర్‌లో కడుపుతో ఉన్న ఆ పిల్లగా వేసిన దీపికా పదుకొణె 'కల్కి' రెండో భాగంలో ఉండబోదని నిర్మించిన వైజయంతీ సంస్థే ప్రకటించింది. అమ్మ అడిగిన పురుడు ఇప్పుడు ఎవరికి పోయాలో! 'హనుమాన్' చివర్లో ఊరించిన 'జై హనుమాన్' 2025లో రావాల్సింది. రాలేదు.

అందుకే సీరియల్ అన్న మాటని తిట్టుగా వాడటం మానేశాను. వారపత్రికల రోజుల్లో 'సశేషం' అని చూసి పళ్లు కొరికినవాళ్లమే మనం. కానీ ఏడు రోజులు గడిస్తే పత్రిక గుమ్మంలో పడేది. మంజులా నాయుడు 'చక్రవాకం', 'మొగలిరేకులు' ఏళ్ల తరబడి సాగినా ఏ రోజు ముక్క ఆ రోజు ఇచ్చేవి. 'కార్తీకదీపం' డాక్టర్ బాబు భార్యని నమ్మడానికి ఐదేళ్లు పట్టిందని నేను ఎన్నిసార్లు వెక్కిరించానో. ఆ ఐదేళ్లూ అమ్మ సాయంత్రాలు ఖాళీగా లేవు, అది ఒప్పుకోవాలి. అంతెందుకు, రాజమౌళి దర్శకత్వం మొదలుపెట్టింది 'శాంతి నివాసం' అనే ఈటీవీ సీరియల్‌తోనే. ఏది ఆపాలో, ఎక్కడ ఆపాలో ఆ బడిలోనే నేర్చుకుని ఉంటాడని నా అనుమానం.

మరో విచిత్రం. సినిమా సీరియల్ అవుతుంటే, సిరీస్ సినిమా అవుతోంది. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన 'నైంటీస్' గుర్తుందా? ఒక లెక్కల మాస్టారు, భార్య, ముగ్గురు పిల్లలు, రోజూ ఉప్మా. ఆరు భాగాలు. ఒక్క రాత్రిలో చూసేసి, పడుకునేముందు మా నాన్న ఫొటో దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆ పిల్లల్లో చిన్నవాడు పెద్దయ్యాక కథ చెబుతామని తర్వాత ఒక సినిమా ప్రకటించారు, సరే. మొదటి కథ మాత్రం మనకి బాకీ పడలేదు. అందులో తండ్రిగా కట్టిపడేసిన శివాజీ, 2025లో 'కోర్ట్'లో పరువు పిచ్చి పట్టిన మంగపతిగా భయపెట్టాడు. ఆ కేసు కూడా అక్కడే తేలింది. అదే సిరీస్‌లో పెద్ద కొడుకు మౌళి 'లిటిల్ హార్ట్స్'తో హీరో అయ్యి, ఎంసెట్ కోచింగ్ ప్రేమని రెండు గంటల్లో తేల్చేసి ఇంటికి పంపాడు. ఇవేవీ వందల కోట్ల సినిమాలు కావు. కడుపు నిండింది.

ఈ గోల మొత్తాన్ని నాకన్నా బాగా చెప్పిన సినిమా ఒకటుంది. దాని పేరే 'శుభం'. సమంత నిర్మించింది, 2025 మేలో వచ్చింది. భీమిలిలో ఆడవాళ్లకి దెయ్యాలు పట్టి టీవీ ముందు కూర్చుంటాయి. వాటి బాధల్లా ఒక్కటే. సీరియల్ ముగింపు చూడకుండా పోయాయి! హాల్లో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఎందుకో అమ్మ వైపు చూశాను. అమ్మ నవ్వడం లేదు, శ్రద్ధగా చూస్తోంది.

2025 అక్టోబర్ 31న 'బాహుబలి' రెండు భాగాలూ కలిపి ఒకే సినిమాగా, దాదాపు మూడు గంటల నలభై ఐదు నిమిషాలకి కత్తిరించి వదిలారు. పదేళ్ల కింద దేశాన్నంతా వేధించిన ప్రశ్నకి అదే సిట్టింగ్‌లో జవాబు వచ్చేసింది. మా అబ్బాయి తరం కుర్రాళ్లు పాప్‌కార్న్ తింటూ చూశారు, ఎవరికీ ఉత్కంఠతో నిద్ర పట్టకపోవడమేమీ లేదు. నాకు కొంచెం అసూయ వేసింది. అమ్మ మాత్రం "ఇలా తీస్తే ఎంత బాగుంటుంది" అంది.

ఈ మధ్యనే ఆవిడకి సహస్ర చంద్ర దర్శనం చేశాం. వచ్చిన చుట్టాలందర్నీ పిలిచి దీవించింది. అందరూ వెళ్లాక నన్ను పిలిచి 'కల్కి' సంగతి ఏమైందని అడిగింది. నెలకోసారి అడుగుతూనే ఉంది. 'కల్కి' తీసిన నాగ్ అశ్విన్ గారూ, గాండీవం లెక్క మీరే చెప్పాలి. ఆవిడ ఎదురుచూస్తోంది, కాస్త తొందరపడండి.

– ముందువరస