టీకా లెక్కలో సగటు చాలదు

హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ వేళ తప్పకుండా వేయించుకున్న ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లలో కూడా నూటికి ఐదు నుంచి పది మందికి రక్షణకు చాలినన్ని యాంటీబాడీలు తయారు కావు. మిల్లీలీటరు రక్తరసానికి కనీసం 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు ఉండాలన్నది వైద్యరంగం ఒప్పుకున్న హద్దు. ఆ హద్దు దాటారో లేదో తేల్చడానికి చివరి డోసు పడ్డాక ఒకటి రెండు నెలలకు చేసే ఒక్క రక్తపరీక్ష చాలు. రోజూ సూదులతో, రక్తంతో పనిచేసే నర్సుకు, ల్యాబ్ టెక్నీషియన్‌కు, వాడి పడేసిన సూదులున్న చెత్త సంచులు మోసే పారిశుద్ధ్య కార్మికురాలికి ఈ సంగతి చాలా పెద్దది. పొరపాటున సూది గుచ్చుకున్నప్పుడు, టీకా పనిచేసిన మనిషికి వేరే చికిత్స అక్కర్లేదు. పనిచేయని మనిషికి వీలైతే 24 గంటల్లోపే ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే ముందే తయారైన యాంటీబాడీల ఇంజెక్షన్ పడాలి. తాను ఏ వైపు ఉన్నదో తెలియని మనిషి చేతిలో ఉండేది టీకా కార్డు ఒక్కటే. డోసులు పడ్డాయని ఆ కార్డు చెబుతుంది, ఒంట్లో ఏం జరిగిందో చెప్పలేదు.

టీకాలు కోట్ల ప్రాణాలు నిలబెట్టాయన్న దాంట్లో రెండో మాట లేదు. ఆ మేలు మీద నమ్మకం ఉన్నవాళ్లే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. టీకా పడ్డా రక్షణ అందనివాళ్లు ఎవరు, ఎందుకు? మన కార్యక్రమాలు ఎన్ని డోసులు వేశామన్న లెక్క మీద నడుస్తున్నాయి. సామర్థ్యం ఇంత శాతం అని చెప్పుకొనే అంకె సగటు. ఆ సగటు కింద ఉండిపోయినవాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు.

స్పందనలో తేడా ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. టీకాలోని పదార్థాన్ని ముందుగా కొన్ని రక్షక కణాలు పట్టుకుని, ముక్కలు చేసి, హెచ్‌ఎల్‌ఏ అనే ప్రొటీన్ల మీద పెట్టి టి-కణాలకు చూపిస్తాయి. టి-కణాలు వాటిని గుర్తుపట్టి సాయం చేస్తేనే లింఫు గ్రంథుల్లో బి-కణాలు పెరిగి, పదునెక్కి, యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఈ హెచ్‌ఎల్‌ఏ జన్యువులు మనుషుల్లో వేల రకాలు. ఒకరి కణాలు బాగా చూపించగలిగిన ముక్కను మరొకరివి సరిగా చూపించలేవు. హెపటైటిస్-బి టీకాకు స్పందించనివాళ్లలో కొన్ని హెచ్‌ఎల్‌ఏ రకాలు ఎక్కువగా కనబడటం ఇందుకు తగ్గట్టే ఉంది. అయితే అంతా పుట్టుకతోనే రాసిపెట్టి ఉందనుకుంటే తప్పు. గాంబియాలో కవల శిశువుల మీద జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలో హెపటైటిస్-బి టీకా స్పందనలోని తేడాల్లో 77 శాతం వారసత్వానికి చెందినవని తేలింది. 2015లో అమెరికాలోని కవలల మీద వచ్చిన మరో అధ్యయనం ఫ్లూ టీకా యాంటీబాడీల విషయంలో జన్యువుల ప్రభావాన్ని దాదాపు కనిపెట్టలేకపోయింది. గాంబియాలో చూసింది పసిపిల్లల్ని, అమెరికాలో ఎక్కువగా పెద్దవాళ్లని. టీకాలు వేరు, దేశాలు వేరు కాబట్టి రెంటినీ నేరుగా పోల్చలేం. అయినా వయసు పెరిగేకొద్దీ సోకిన ఇన్‌ఫెక్షన్లు, తిన్న తిండి, బతికిన పరిసరాలు జన్యువుల పాత్రను కమ్మేస్తాయన్న వాదనకు ఈ రెండూ బలమిస్తున్నాయి.

నలభై దాటిన వయసు, ఊబకాయం, పొగతాగుడు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు హెపటైటిస్-బి టీకా స్పందనను తగ్గిస్తాయి. ఆడవాళ్లలో చాలా టీకాలకు యాంటీబాడీలు మగవాళ్లకన్నా ఎక్కువగా వస్తాయి. మతిమరుపు జబ్బుతో ఉన్న భర్తనో భార్యనో ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో ఫ్లూ టీకా స్పందన తగ్గినట్టు 1996లోనే అమెరికా పరిశోధకులు చూపించారు. ఇక సూది వేసే చోటు సంగతి. 1980వ దశకంలో అమెరికా ఆసుపత్రుల్లో హెపటైటిస్-బి టీకాను పిరుదుకు వేయించుకున్న సిబ్బందిలో యాంటీబాడీలు తక్కువగా వచ్చాయి. మందు కండరంలోకి వెళ్లకుండా కొవ్వులో ఉండిపోవడమే కారణమని భావించారు. చేతి పైకండరానికే వేయాలన్న నియమం అలా వచ్చింది. ఇలాంటి చోట లోపం వేయించుకున్న మనిషిది కాదు, వేసిన పద్ధతిది.

ఈ పాఠాన్ని మన దేశం పోలియోతో చాలా ఖరీదుగా నేర్చుకుంది. 1970వ దశకం మొదట్లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ టి.జాకబ్ జాన్ చుక్కల మందు వేసిన పిల్లల రక్తాన్ని పరీక్షించారు. సంపన్న దేశాల్లో మూడు డోసులతో దాదాపు పిల్లలందరికీ వస్తున్న రక్షణ ఇక్కడ చాలామందికి రాలేదు. మందులో మూడు రకాల పోలియో వైరస్‌లు ఉంటే, ఒకటో రకానికి, మూడో రకానికి స్పందన మరీ తక్కువ. మందును చల్లగా నిలవ ఉంచకపోవడం వల్లే ఇలా జరిగిందని అనుకోవడం సహజం. కానీ శీతల గొలుసు సరిగా ఉన్నచోటా ఫలితం అంతే. చుక్కల మందు పేగుల్లో పెరిగితేనే పనిచేస్తుంది. మన పిల్లల పేగుల్లో అప్పటికే మరెన్నో వైరస్‌లు, విరేచనాల జబ్బులు. పైగా ఆ మందులోని రెండో రకం మిగతా రెంటినీ ఎదగనిచ్చేది కాదు.

ఈ సంగతి తెలిసినా విధానంలోకి ఎక్కడానికి దశాబ్దాలు పట్టింది. 2006లో పరిశోధకుడు నికొలస్ గ్రాస్లీ బృందం లెక్కగట్టి చూపిన అంకెలు కళ్లు తెరిపించాయి. మూడు రకాలున్న చుక్కల మందు ఒక్కో డోసు ఒకటో రకం పోలియో నుంచి కాపాడే శక్తి ఉత్తరప్రదేశ్‌లో సుమారు 9 శాతం, దేశంలోని చాలా ప్రాంతాల్లో సుమారు 21 శాతం. ప్రతి డోసూ విడివిడిగా అంతే పనిచేస్తుందనుకుని గుణిస్తే, ఉత్తరప్రదేశ్‌లో పది డోసులు పడిన నూరుమంది పిల్లల్లో దాదాపు 39 మంది రక్షణ లేకుండానే మిగులుతారు. మిగతాచోట్ల అలా మిగిలేది పదిమందిలోపు. దేశం ఒకటే, మందూ ఒకటే. తేడా అంతా కిక్కిరిసిన బస్తీల్లో, మురుగు పారే వీధుల్లో, విరేచనాలు ఆగని పసిపిల్లల పేగుల్లో ఉంది. ఆ రోజుల్లో చర్చ ఎక్కువగా చుక్కలు వద్దని తలుపు వేసుకునే కుటుంబాల చుట్టూ తిరిగింది. వద్దన్నవాళ్లు ఉన్నమాట నిజమే. కానీ పదే పదే చుక్కలు వేయించినా కాళ్లు చచ్చుబడ్డ పిల్లల తల్లిదండ్రుల అనుమానానికి కారణం మూఢత్వం అనడం అన్యాయం. వాళ్ల కళ్లెదుట జరిగిందే వాళ్లు చెప్పారు. ఆ మాటకు జవాబు సైన్స్ దగ్గర ఉండాలి, ఉంది కూడా.

జవాబు మందును మార్చడం. ఒకటో రకం మీద మాత్రమే పనిచేసే చుక్కలు 2005లో వచ్చాయి. ఒక్కో డోసు పాత మందుకన్నా దాదాపు మూడు రెట్లు బాగా పనిచేసింది. 2010లో ఒకటి, మూడు రకాలు కలిసిన చుక్కలు వచ్చాయి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడ్డ కేసే దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. తేడాను గుర్తించి కొలిచాకే గెలుపు సాధ్యమైంది.

2016లో హైదరాబాద్‌లోనూ ఇలాంటిదే జరిగింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో చుక్కల మందు నుంచి రెండో రకాన్ని తీసేశారు. తర్వాత నగరంలోని మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టి మార్పు చెందిన రెండో రకం వైరస్ కనిపించింది. జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు చుక్కలకు బదులు సూదితో వేసే పోలియో టీకాను, పూర్తి డోసులో ఐదో వంతు మేర, చర్మంలోకి వేశారు. చర్మంలో రక్షక కణాలు దట్టంగా ఉంటాయి కాబట్టి తక్కువ మందుతోనే పని జరుగుతుంది. ఐదో వంతు డోసులు రెండు వేస్తే, కండరానికి వేసిన ఒక పూర్తి డోసుకు ఏమాత్రం తీసిపోవు. టీకా ఏ దారిన ఒంట్లోకి వెళుతుందన్నది స్పందనను ఎంతగా మారుస్తుందో చెప్పడానికి మన ముంగిట్లోనే దొరికిన ఉదాహరణ ఇది.

పిల్లల విరేచనాలకు కారణమయ్యే రోటా వైరస్ టీకాది కూడా పేగు కథే. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్, ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువుల మీద జరిగిన పరీక్షలో తీవ్రమైన రోటా విరేచనాలను మొదటి ఏడాది సుమారు 56 శాతం తగ్గించింది. సంపన్న దేశాల్లో ఇతర రోటా టీకాలు 85 శాతానికి పైగా కాపాడతాయి. మన టీకా నాసిరకమని దీన్నిబట్టి అనుకోవద్దు. విదేశీ టీకా కూడా ఆఫ్రికాలోని మలావిలో సగం మందినే కాపాడగలిగింది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకా వైరస్‌ను అణచడం, పేగులోని సూక్ష్మజీవులు, పోలియో చుక్కలు అదే రోజు పడటం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. పేగును ముందు శుభ్రం చేస్తే స్పందన పెరుగుతుందేమోనని వెల్లూరులో శిశువులకు అజిత్రోమైసిన్ ఇచ్చి, ఆ తర్వాత పోలియో చుక్కలు వేసి చూశారు. పేగులో హానికర బ్యాక్టీరియా తగ్గింది కానీ టీకా స్పందన పెరగలేదు. 2016లో వచ్చిన ఆ ఫలితం, ఈ చిక్కుకు యాంటీబయాటిక్ లాంటి దగ్గరిదారి లేదని తేల్చింది. 56 శాతమైనా, జబ్బు ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో ఆ టీకా కాపాడే పిల్లలు లెక్కకు చాలామంది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో దాన్ని మొదలుపెట్టడం సరైన నిర్ణయం.

వృద్ధుల విషయంలో వైద్యం చాలాకాలం సరిపెట్టుకుంది. వయసుతో టి-కణాలు పుట్టే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, కొత్త శత్రువును గుర్తుపట్టే కణాలు తగ్గుతాయి, కాబట్టి టీకాలు అంతంతమాత్రంగానే పనిచేస్తాయి అన్నారు. నరాల వెంట పొక్కులు వచ్చి, తగ్గాక కూడా నెలల తరబడి మంట పుట్టించే హెర్పిస్ జోస్టర్‌కు వేసే టీకా ఈ మాట పూర్తి నిజం కాదని నిరూపించింది. పాత టీకా డెబ్బై దాటినవాళ్లలో 38 శాతమే కాపాడింది. రోగనిరోధక వ్యవస్థను తట్టిలేపే సహాయక పదార్థం కలిపి చేసిన కొత్త టీకా అదే వయసువాళ్లలో సుమారు 90 శాతం కాపాడింది. ముసలి ఒంటికి తగ్గ టీకా చేస్తే ఆ ఒళ్లు స్పందిస్తుంది. ఆ కొత్త టీకా మన దేశంలో దొరుకుతోంది కానీ, పింఛను మీద బతికే మనిషికి అందే ధరలో లేదు.

కిడ్నీ, కాలేయం మార్పిడి చేయించుకున్నవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. కొత్త అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా జీవితాంతం మింగే మాత్రలే టీకా స్పందననూ అణుస్తాయి. 2021లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూసినప్పుడు, ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకా రెండు డోసులు పడిన అవయవ గ్రహీతల్లో 54 శాతం మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ల మీద బ్రిటన్‌లో జరిగి 2022లో వెలువడిన పరీక్ష ఆశ కలిగించింది. బూస్టర్ పడ్డాక రెండు వారాలు మాత్రలు ఆపినవాళ్లలో యాంటీబాడీలు ఆపనివాళ్లకన్నా దాదాపు రెండింతలు వచ్చాయి. ఇది ఎవరికి వారు చేసుకునే పని కాదు, జబ్బు తిరగబెట్టవచ్చు. వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. అసలు ఆ సంభాషణే జరగడం లేదన్నది నా బాధ.

ఇంతా చెప్పి, అందరూ పరుగెత్తి యాంటీబాడీ పరీక్షలు చేయించుకోమని నేను అనను. కోవిడ్ రోజుల్లో ఆ పరుగు చూశాం. కోవిషీల్డ్ వేయించుకున్నాక, వైరస్ లోపలి ప్రొటీన్ మీది యాంటీబాడీలను వెతికే పరీక్ష చేయించుకుని, ఏమీ లేవన్న రిపోర్టు చూసి భయపడ్డవాళ్లు ఉన్నారు. కోవిషీల్డ్ కొమ్ము ప్రొటీన్ మీదే యాంటీబాడీలు పుట్టిస్తుంది కాబట్టి, జబ్బు సోకని మనిషికి ఆ పరీక్షలో ఏమీ రాకపోవడమే సరైన ఫలితం. రెండు ల్యాబులు రెండు రకాల యూనిట్లలో ఇచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడమూ అర్థం లేనిది. హెపటైటిస్-బి విషయంలోనే, ఒకసారి 10 దాటిన ఆరోగ్యవంతుడికి ఏళ్ల తర్వాత అంకె పడిపోయినా జ్ఞాపక కణాలు కాపాడతాయి. బీసీజీ రక్షణకు యాంటీబాడీలు కొలబద్దే కావు. ఏ టీకాకు ఏ అంకె రక్షణను చెబుతుందో తెలిసినచోటే, ఆ అంకెను బట్టి చేయవలసిన పని ఉన్నచోటే పరీక్షకు విలువ.

ఆరోగ్య సిబ్బందికి హెపటైటిస్-బి సరిగ్గా అలాంటి చోటు. దేశంలో మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను 1997లో శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాద్ నుంచే తెచ్చింది. ఆ టీకా సామాన్యుడికి అందే ధరకు రావడానికి దారి వేసిన నగరమిది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ఆరోగ్య సిబ్బందికి టీకా వేయమంటోంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఇంకో అడుగు వేయాలి. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, వైద్య విద్యార్థులకు కోర్సు మొదట్లోనే మూడు డోసులు, ఆ తర్వాత రెండు నెలల్లోపు ఉచితంగా యాంటీబాడీ పరీక్ష జరగాలి. హద్దు దాటనివాళ్లకు మళ్లీ టీకాలు వేయాలి, వాళ్లలో చాలామంది రెండో విడతకు స్పందిస్తారు. అప్పటికీ స్పందించనివాళ్ల వివరం వాళ్ల కార్డులో రాసి, సూది గుచ్చుకున్న రోజున ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కడ దొరుకుతుందో ముందే చెప్పి ఉంచాలి. ఔట్‌సోర్సింగ్‌లో ఉన్న పారిశుద్ధ్య కార్మికులను, డయాలసిస్ రోగులను ఈ జాబితాలో మొదట చేర్చాలి. మీరు గానీ మీ ఇంట్లోవాళ్లు గానీ రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏ టీకాలు పడాలో, ఎప్పుడు పడితే బాగా పనిచేస్తాయో అడగండి.