ఒకే దుంగ, ఇరువురు ప్రాసిక్యూటర్లు

వెలికొండల చరియలలో నరికిన ఎర్రచందనపు దుంగ అడవిలోనే పట్టుబడినచో అది రాష్ట్ర అటవీ చట్టపు కేసు. అదే దుంగ కృష్ణపట్నము రేవు చేరి, ఓడకెక్కనున్న కంటైనరులో బయటపడినచో కేంద్రపు కస్టమ్సు చట్టపు కేసు. మొదటిదానిని రాష్ట్ర ప్రభుత్వపు ప్రాసిక్యూటరు నడుపును; రెండవదానికి కేంద్రము తన ప్రాసిక్యూటరును వేరుగ నియమించుకొనును. నియమించినవారెవరైనను ఇరువురి ధర్మము ఒక్కటే.

మన జనులు పబ్లిక్ ప్రాసిక్యూటరు (పీపీ) గారనగా పోలీసుల వకీలని తలచుచుందురు. దర్యాప్తు పోలీసులది, తీర్పు న్యాయమూర్తిది. ఆ రెంటి నడుమ నిలిచి, సేకరించిన సాక్ష్యములో నిలువగలిగినదేదో నిలువలేనిదేదో నిర్భయముగ తూచి, ముద్దాయికి మేలుచేయు కాగితమును సైతము దాచక న్యాయస్థానము ముందుంచుట ఆయన పని. ప్రాసిక్యూషను పోలీసు శాఖనుండి విడివడవలెనని లా కమిషను తన పదునాలుగవ నివేదికలో 1958లోనే చెప్పెను. 1995లో సుప్రీంకోర్టు ఆ మాటనే ఆజ్ఞగ వెలువరించెను. ఇంత జరిగినను మన రాష్ట్రమున అసిస్టెంటు పబ్లిక్ ప్రాసిక్యూటర్ల (ఏపీపీల) ఎంపిక పోలీసు నియామక మండలి చేతిలోనే యున్నదన్న సంగతి నాకు మింగుడుపడదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత జిల్లా జిల్లాకు ప్రాసిక్యూషను డైరెక్టరేటును ఏర్పరుపవచ్చునన్నది గాని, దానిని హోంశాఖ నీడనే యుంచినది.

ఇట్టి స్థితిలో మన చూపు కేంద్రము వైపునకు మరలును. 2022 ఏప్రిలులో నెల్లూరు న్యాయస్థానమునందే ఒక కేసు ఆధారములు దొంగలపాలుకాగా, హైకోర్టు ఆ దర్యాప్తును అదే యేట నవంబరులో సీబీఐకి అప్పగించెను. నాడు పలువురు ఊపిరి పీల్చుకొనిరి, నేనును పీల్చుకొంటిని. కాని ఆ కేంద్ర సంస్థ దర్యాప్తునకు తానిచ్చిన సాధారణ సమ్మతిని వెనుకకు తీసికొని రాష్ట్రము 2018లో తలుపు మూసి, 2019లో తెరచిన వైనము మనమెరుగనిదా? ప్రతి చిన్న కేసునకు అంత దూరమునుండి ఎవరు వత్తురు? నిత్యము మనకు దిక్కు మన ఊరి కోర్టులోని ఏపీపీయే.

జిల్లాలోని ఒక కోర్టు వసారాలో నేను చూచినది చెప్పెదను. తీరమందలి పట్టపుపాళెమునుండి తెల్లవారుజామున బయలుదేరి వచ్చిన ఒక ముసలామె, కొంగున ముడివేసిన సమన్ల కాగితమును విప్పి, చంకనిండ కేసుకట్టలతో పరుగున వచ్చుచున్న ఏపీపీగారి ముందు పట్టి, "అయ్యా, ఇయ్యాళన్నా నన్ను పిలస్తారా?" అని అడిగెను. ఆయన ఆ కట్టలలో ఆమె కేసును వెదకి, చార్జిషీటు రెండు పుటలు నిలుచుండియే తిరుగవేసి, "నీ కొడుకు కేసు గదమ్మా, చూసింది చూసినట్టు చెప్పు, భయపడబాక" అనెను. కొడుకును పోగొట్టుకొన్న తల్లికిని, రాజ్యము పక్షమున వాదించువానికిని నడుమ జరిగిన సంభాషణ యంతయు ఆ రెండు నిమిషములే. ఆయనది నిర్లక్ష్యము గాదు. ఆ గొంతులోని ఆర్ద్రతను నేను వింటిని. వేరొక హాలునుండి అప్పుడే ఆయనకు పిలుపు వచ్చినది. అట్టి సాక్షి మరునాడు బోనులో అడ్డము తిరిగినదన్నచో తప్పు ఆమెదని ఎట్లనగలము?

కనుక నేను కోరునది ఇది. ఏపీపీల ఎంపిక పోలీసు మండలినుండి తొలగి పబ్లిక్ సర్వీసు కమిషనుకు చేరవలెను. ప్రభుత్వము మారినప్పుడెల్ల జిల్లా పీపీ మారు ఆచారము ఆగవలెను. వాయిదాకు ముందునాడు సాక్షితో కూర్చుండి మాటలాడుటకు ప్రతి ఏపీపీకి ఒక గది, ఒక గుమాస్తా ఉండవలెను. పట్టపుపాళెమునుండి వచ్చిన ఆ తల్లికి చెందవలసిన బత్తా, ఆమె తిరుగు బస్సు ఎక్కకముందే చేతికందవలెను.