ఒక్క షేప్ చాలదు

బేస్ గిటార్ చేతికి వచ్చిన మొదటి వారంలోనే ఒక కిటుకు దొరుకుతుంది. ఎ తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గర నడిమివేలు, ఐదో ఫ్రెట్ దగ్గర చిటికెనవేలు. డి తీగ మీద రెండు, మూడు, ఐదు ఫ్రెట్లలో చూపుడు, నడిమి, చిటికెన. జి తీగ మీద రెండు, నాలుగు, ఐదు ఫ్రెట్లలో చూపుడు, ఉంగరపు, చిటికెన. ఎనిమిది స్వరాలతో సి మేజర్ స్కేల్ పూర్తయింది. చేతిని రెండు ఫ్రెట్లు ముందుకు జరిపితే అదే అమరికలో డి మేజర్. ఇంకో రెండు జరిపితే ఇ మేజర్. "ఇంకేముంది, పన్నెండు కీలూ వచ్చేసినట్టే" అంటారు నేర్పేవాళ్ళు. ఒకే స్కేల్‌ని నాలుగైదు రకాల వేళ్ళతో సాధన చేయడం గిటారిస్టుల చాదస్తమనీ, బేస్ వాయించేవాడికి గ్రూవ్ ముఖ్యమనీ, ఆ ఒక్క షేప్ గట్టిగా పట్టుకుంటే జీవితం వెళ్ళిపోతుందనీ బాగా చలామణీలో ఉన్న మాట.

ఈ మాట గాలిలోంచి పుట్టలేదు. బేస్‌లో నాలుగు తీగలు ఇ, ఎ, డి, జి. ఏ రెండు పక్క తీగల మధ్యనైనా దూరం ఒకటే, మన లెక్కలో స నుంచి శుద్ధ మధ్యమం దాకా. గిటార్‌లో జి, బి తీగల మధ్య ఈ దూరం ఒక అర మెట్టు తగ్గుతుంది, అక్కడికి రాగానే ప్రతి షేపూ వంకర తిరుగుతుంది. బేస్‌కి ఆ గొడవ లేదు. ఒక అమరిక నేర్చుకుంటే దాన్ని ఎటు జరిపినా చెక్కుచెదరదు. ఈ సౌకర్యం నిజమే. దాని మీద కట్టిన నిర్ణయమే తప్పు.

ముందు లెక్క చూద్దాం. పన్నెండు కీలకూ ఒకే షేప్ అన్నారు కదా, దాన్ని ఇ తీగ మీద ఒకటో ఫ్రెట్‌కి తీసుకెళ్ళి ఎఫ్ మేజర్ వాయించమనండి. నడిమివేలు ఒకటో ఫ్రెట్ మీద ఉంటే చూపుడువేలు పడాల్సిన చోట ఫ్రెట్టే లేదు, తీగలు ఆనే నట్ ఉంది. ఎ, డి స్వరాలు రెండూ వేలు పెట్టని ఖాళీ తీగల మీద పలకాలి. అంటే షేప్ బొమ్మ మారకపోయినా వేళ్ళ పని మొత్తం మారిపోయింది. కింది ఇ నుంచి ఎత్తుకునే ఇ మేజర్ మరీ అన్యాయం. మొదటి స్వరమే ఖాళీ తీగ. ఆ తర్వాత రెండు, నాలుగు ఫ్రెట్లు, ఎ తీగ ఖాళీగా, మళ్ళీ రెండు, నాలుగు, చివరికి డి తీగ మీద ఒకటి, రెండు. నేర్చుకున్న షేప్ ఇక్కడ అక్కరకే రాదు. వాయిద్యంలో అన్నిటికంటే కింది స్వరం, 41.2 హెర్ట్జ్‌ల ఇ, దాని సొంత స్కేల్‌నే ఒంటి షేప్ వాయించలేదు. ఇది అరుదుగా వచ్చే కీ అయినా సర్దుకోవచ్చు. గిటార్‌తో కట్టే పాటల్లో ఇ కి ఉన్నంత గిరాకీ చాలా కీలకు లేదు. ఆదివారం చర్చిలో ఎఫ్‌లో అనుకున్న పాటను గొంతు పట్టేసిన గాయని "అర మెట్టు దించండి" అంటే, బేస్ వాయించే కుర్రాడు చేరేది సరిగ్గా ఈ ఇరుకులోకే.

ఇక అసలు నష్టం. జి మేజర్‌లో ఒక మామూలు పాట: జి, డి, ఇ మైనర్, సి అనే నాలుగు కార్డులు. ఇలాంటి వరస మీద నడిచే పాటలు ప్రపంచమంతా కొల్లలు. షేప్ వాద్యకారుడు ఇ తీగ మూడో ఫ్రెట్ మీద జి పట్టుకుంటాడు. డి కోసం ఎ తీగ ఐదో ఫ్రెట్. ఇ మైనర్ రాగానే చెయ్యి ఏడో ఫ్రెట్‌కి పరుగెడుతుంది, ఎందుకంటే అతనికి ‘మైనర్ షేప్’ అని ఇంకో బొమ్మ నేర్పారు, దాన్ని పెట్టడానికి ముందుకు జరగాలి. సి కోసం మళ్ళీ మూడో ఫ్రెట్‌కి వెనక్కి. నాలుగు బార్లలో ఇంత ప్రయాణం. నిజానికి ఆ ఇ స్వరం డి తీగ రెండో ఫ్రెట్ మీద, అతని చూపుడువేలి కిందే ఉంది. జి మేజర్ షేప్‌లో ఆరో స్వరంగా దాన్ని అతను వందలసార్లు వాయించాడు. దాన్ని ఇ అని గుర్తుపట్టలేదు, అంతే. ఇ నేచురల్ మైనర్‌లో ఉన్నవి జి మేజర్‌లోని ఆ ఏడు స్వరాలేనన్న సంగతి కూడా అతని చేతికి తెలియదు, దాని లెక్కలో అవి రెండు వేరువేరు బొమ్మలు.

మన ఆర్కెస్ట్రాల్లో కొందరు కీబోర్డు వాద్యకారులు ఏ పాటనైనా సి లోనే వాయించి, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి శ్రుతి మార్చుకుంటారు. ఒంటి షేప్ బేస్‌లోని ట్రాన్స్‌పోజ్ బటనే. పాట నడుస్తుంది, ఎవరికీ ఇబ్బంది కనపడదు, వాయించేవాడికి మాత్రం తాను పలికిస్తున్న స్వరమేదో ఎప్పటికీ తెలియదు.

చేతి సంగతి కూడా ఉంది. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కి పెట్టిన తీగ పొడవు 34 అంగుళాలు, ఈనాటికీ ఎక్కువ బేస్‌లకు అదే కొలత. ఆ పొడవులో ఒకటో ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా 5 అంగుళాల పైచిలుకు. ఐదు నుంచి ఎనిమిది దాకా అయితే 4. పన్నెండు నుంచి పదిహేను దాకా 2.7 మాత్రమే. ‘ఫ్రెట్‌కి ఒక వేలు’ అనే షేప్ ఈ మూడు చోట్లా ఒక్కటేనని కాగితం మీద గీయవచ్చు, చెయ్యి ఒప్పుకోదు. నట్ దగ్గర అది చిన్న చేతుల్ని పీక్కుతింటుంది, పైన వేళ్ళు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఈ చిక్కును డబుల్ బేస్ వాళ్ళు ఎప్పుడో గుర్తించారు. తీగ పొడవు 40 అంగుళాలు దాటే ఆ వాయిద్యానికి, వియన్నాలో పనిచేసిన ఫ్రాంజ్ సిమాండల్ (1840–1912) రాసిన పాఠ్యగ్రంథం కింది పొజిషన్లలో చూపుడు, నడిమి, చిటికెనవేళ్ళనే వాడమంటుంది. ఉంగరపువేలు చిటికెనకు ఆసరా. బేస్ గిటార్‌లో మొదటి నాలుగు ఫ్రెట్ల దగ్గర ఈ పద్ధతి, పైన ఫ్రెట్‌కొక వేలి పద్ధతి వాడుకునేవాళ్ళు చాలామంది. ఒకే స్కేల్‌కి చోటును బట్టి వేళ్ళు మార్చుకోవడమంటే ఇదే. దీన్ని చాదస్తమంటే నొప్పి పుట్టేది మణికట్టుకే.

ఇలాంటప్పుడు ఎవరో ఒకరు జేమ్స్ జేమర్సన్ పేరు ఎత్తుతారు. 1960ల మోటౌన్ పాటల వెనక ఉన్న బేస్ ఆయనదే. ఒక్క చూపుడువేలితో వాయించాడు కదా, ఇన్ని అమరికలెందుకంటారు. ఆయన ఒంటివేలు కుడిచేతిది, తీగ మీటేది. ఎడమచేతి గురించి ఆ కథ ఏమీ చెప్పదు. జేమర్సన్ డెట్రాయిట్‌లో హైస్కూలు కుర్రాడిగా డబుల్ బేస్ నేర్చుకుని, దాంతోనే జాజ్ వాయించి, ఆ తర్వాత ఎలక్ట్రిక్ బేస్‌కి వచ్చాడు. ఆయన లైన్లలో ఖాళీ తీగలు అడుగడుగునా మోగుతాయి, కీలో ఇమడని చోట కూడా ఒక స్వరం నుంచి ఇంకోదానికి వంతెనలా. జరిపే షేప్‌లో ఖాళీ తీగకు చోటే లేదు. ఒంటి షేప్‌కి సాక్షిగా తెచ్చుకోవాల్సిన మనిషైతే జేమర్సన్ కాడు.

కరోల్ కే మాటకు జవాబు చెప్పడం అంత తేలిక కాదు. లాస్ ఏంజిలిస్ స్టూడియోల్లో లెక్కలేనన్ని రికార్డింగులకు బేస్ వాయించి, బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’ (1966)లోనూ పాలుపంచుకుని, తర్వాత పుస్తకాలు రాసిన ఆమె, స్కేళ్ళ సాధన కంటే కార్డు స్వరాలకే పెద్దపీట వేస్తుంది. ఇందులో సగం ఒప్పుకోక తప్పదు. స్కేల్‌ని పైకీ కిందికీ దొర్లించినంత మాత్రాన ఎవరికీ బేస్ లైన్ రాదు. కానీ కార్డు స్వరాలకు మాత్రం వేళ్ళు అక్కర్లేదా? సి, ఇ, జి అనే మూడు స్వరాలనే తీసుకోండి. నడిమివేలితో మొదలుపెడితే ఎ తీగ మూడు, డి తీగ రెండు, ఐదు. చూపుడువేలితో మొదలుపెడితే ఎ తీగ మూడు, ఏడు, డి తీగ ఐదు. ఇ తీగ ఎనిమిదో ఫ్రెట్ మీద చిటికెనవేలితో మొదలుపెడితే ఎ తీగ ఏడు, డి తీగ ఐదు, చెయ్యి వెనక్కి నడుస్తుంది. మూడూ ఒకే కార్డు. తర్వాత వచ్చే కార్డు ఎటు ఉందో దాన్నిబట్టి ఈ మూడిట్లో ఒకటి ఎంచుకోవాలి. కే పద్ధతిలో వెళ్ళినా చేరేది వేళ్ళ అమరికల దగ్గరికే.

నాదం విషయానికి వస్తే షేప్ వాదుల దగ్గర సమాధానమే లేదు. జి తీగ ఐదో ఫ్రెట్ మీది సి స్వరం, డి తీగ పదో ఫ్రెట్ మీద కూడా ఉంది, ఎ తీగ పదిహేనులో ఉంది, ఇ తీగ ఇరవైలో ఉంది. శ్రుతి ఒకటే. మోగే తీగ పొడవు మాత్రం మొదటిచోట 25.5 అంగుళాలు, రెండోచోట 19, మూడోచోట 14.3, నాలుగోచోట 10.7. మామూలు సెట్లో జి తీగ మందం 0.045 అంగుళం అయితే ఇ తీగది 0.105. సన్న తీగ పొడవుగా మోగితే స్వరం తేటగా, అంచు తేలి వినిపిస్తుంది. లావు తీగ పొట్టిగా మోగితే మందంగా, మెత్తగా, త్వరగా ఆరిపోతూ వినిపిస్తుంది. గాయని నెమ్మదిగా ఎత్తుకునే పల్లవి కింద ఏది కావాలో, డ్రమ్స్ హోరెత్తే చోట ఏది కావాలో తేల్చుకోవడం బేసిస్టు పనిలో పెద్ద భాగం. ఎప్పుడూ ఎ తీగ మూడులో ఎక్కి జి తీగ ఐదులో దిగేవాడికి ఆ ఎంపిక ఉన్నట్టే తెలియదు.

తెలుగువాళ్ళకు ఈ విషయంలో ఒక దగ్గరి దారి ఉంది, ఎందుకో బేస్ నేర్పేవాళ్ళు దాన్ని వాడుకోరు. మేజర్ స్కేల్‌లో ఉన్నవి మన ధీరశంకరాభరణం స్వరాలే, 29వ మేళకర్త. వీణ మీద వాటిని నేర్చేవాళ్ళు సారణి తీగ వెంటే స నుంచి పై స దాకా మెట్లెక్కుతారు, చూపుడువేలు, నడిమివేలు తోడుగా. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద తీగ వెంట జారుతూ గమకం పలికించాడు. బేస్ మీద కూడా సి మేజర్‌ని ఒక్క ఎ తీగ మీదే వాయించి చూడవచ్చు: మూడు, ఐదు, ఏడు, ఎనిమిది, పది, పన్నెండు, పద్నాలుగు, పదిహేను. ఏడుకీ ఎనిమిదికీ మధ్య, పద్నాలుగుకీ పదిహేనుకీ మధ్య చిన్న అడుగులు. గ–మ, ని–స. మూడు తీగల మీద పెట్టెలా అమరే షేప్‌లో వేళ్ళ వరసలో కలిసిపోయే ఈ రెండు అర మెట్లూ ఒంటి తీగ మీద కంటికి కనిపిస్తాయి. వాయించడానికి ఇది అనువైన పద్ధతేం కాదు, చెయ్యి అలిసిపోతుంది. కానీ స్కేల్ ఎముకల గూడు ఇంత తేటగా మరే అమరికలోనూ కనిపించదు.

అయితే ‘అన్ని అమరికలూ నేర్చుకోవాలి’ అనే శిబిరానికి కూడా చురక తప్పదు. స్కేల్‌ని ఐదు పెట్టెలుగా చూపే చార్టు గోడకు అంటించి, ఒక్కో పెట్టెనీ మెట్రోనోమ్‌తో పైకీ కిందికీ పరుగెత్తించేవాళ్ళు ఒంటి షేప్ వాడికంటే మెరుగైనదేమీ సాధించరు. అతనికి ఒక బొమ్మ వచ్చు, వీళ్ళకు ఐదు వచ్చు. స్వరం పేరు అతనికీ తెలియదు, వీళ్ళకీ తెలియదు. అమరికలు మార్చాలంటున్నది లెక్క పెంచుకోవడానికి కాదు.

స్వరాల పేర్లు తెలియకపోవడానికి పాత బేసిస్టులు చేయించే ఒక సాధన మందు. షేప్‌ని పట్టుకుని చేతిని జరపడం కాదు, చేతిని ఒకచోట పాతేసి కీలు మార్చడం. రెండో ఫ్రెట్ నుంచి ఆరో ఫ్రెట్ దాకా ఆ ఐదు ఫ్రెట్లు దాటకూడదు. ఆ హద్దులో పన్నెండు స్వరాలూ దొరుకుతాయి కాబట్టి పన్నెండు కీలూ వాయించవచ్చు. సి మేజర్‌తో మొదలుపెట్టి ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, అలా చుట్టూ తిరగాలి. మొదలు మాత్రం కీ పేరుగల స్వరం నుంచి కాదు, ఆ హద్దులో దొరికే అన్నిటికంటే కింది స్వరం నుంచి. మొదటి నాలుగు కీల్లోనూ అది ఇ తీగ మూడో ఫ్రెట్ మీది జి యే. మొదటి మూడింట్లో జి తర్వాత ఐదో ఫ్రెట్ మీది ఎ వస్తుంది. ఇ ఫ్లాట్‌కి రాగానే అది నాలుగుకి దిగి ఎ ఫ్లాట్ అవుతుంది. ప్రతి స్వరం పేరూ గట్టిగా పైకి చెప్పాలి. పెట్టెలు అలవాటైనవాడికి ఇక్కడ నోరు తడబడుతుంది, ఏ బొమ్మా ఆదుకోదు. వేగం సగానికి పడిపోతుంది, పడిపోనివ్వాలి. ఒక్కో కీలో చెయ్యి కదలకుండానే వేళ్ళు వేరే వరసలో పడుతుంటాయి, చార్టులో ఉన్న ఐదు పెట్టెల ముక్కలన్నీ వాటంతటవే వచ్చిపోతుంటాయి.

ఒంటి షేప్ వాదులకు చివరి ఆశ ఐదు తీగల బేస్. కింద ఒక బి తీగ చేరింది కాబట్టి ఇ మేజర్‌ని దాని ఐదో ఫ్రెట్ నుంచీ, ఎఫ్‌ని ఆరో ఫ్రెట్ నుంచీ ఎత్తుకోవచ్చు, షేప్ చెక్కుచెదరదు. నిజమే. అయితే ఇ, ఎఫ్‌ల దగ్గర ఉన్న ఇరుకు ఇప్పుడు కింది బి, సి ల దగ్గరికి మారింది. పైగా పక్కన గిటార్ ఖాళీ ఇ తీగను మోగిస్తుంటే బేస్ కూడా తన 34 అంగుళాల ఇ తీగను పూర్తిగా మోగనివ్వవచ్చు. షేప్ కోసం దాన్ని వదిలేసి, ఇంకా లావైన తీగ మీద 25 అంగుళాల పైచిలుకు ముక్కను మోగిస్తున్నారు.