చచ్చినవాడల్లా మావోయిస్టేనా?

రాయ్‌పూర్‌లో మా పక్కింటాయన శ్రీకాకుళం జిల్లా నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన మనిషి. నేను నాస్తికుణ్ణని తెలిసి కూడా వినాయక చవితికి ఉండ్రాళ్ళు పంపడం ఏ ఏడూ మానలేదు. నేనూ తినడం మానలేదు లెండి. 2025 మే నెలలో కర్రెగుట్టల ఆపరేషన్‌లో 31 మంది మావోయిస్టులు హతమయ్యారని ప్రభుత్వం ప్రకటించిన మర్నాడు, ఆయన పేపరు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"చూశారా మాష్టారూ, 31 మంది!"

"అందరూ మావోయిస్టులేనని ఎవరు తేల్చారండీ?" అన్నాను. మామూలుగానే అన్నాను.

ఆయన ముఖం మాడిపోయింది. "ఇన్నాళ్ళూ దేవుడు లేడన్నారు, పోనీలే అనుకున్నాం. ఇప్పుడు దేశం కూడా లేదంటారా?"

ఆ 31 మంది మావోయిస్టులు కారని నేను అనలేదు. అవునో కాదో నాకు తెలియదు. పేపరు చదివిన ఆయనకీ తెలియదు. మా ఇద్దరికీ తెలిసింది ఒక్క ప్రకటన. అదీ చంపినవాళ్ళు చేసిన ప్రకటన.

ఎవరైనా బాబా గాల్లోంచి విభూతి తీశానంటే మనం ఏమంటాం? మా ఎదుట, మేము చెప్పిన షరతుల ప్రకారం తీసి చూపించు అంటాం. భక్తుల సాక్ష్యం చెల్లదంటాం. పోలీసు ప్రకటన దగ్గరికి వచ్చేసరికి మనలోనే చాలామంది ఆ ప్రశ్నని మడిచి జేబులో పెట్టేసుకుంటారు. మన సమావేశాల్లోనే చూశాను. "అది మూఢనమ్మకం, ఇది దేశభద్రత, రెండూ కలపకండి" అంటారు. రుజువు అడగడానికి సబ్జెక్టుతో పనేమిటో నాకైతే అర్థం కాదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నవాళ్ళకి ఈ సంగతి ఇంకా తేలిగ్గా తెలియాలి. మన పల్లెల్లో చేతబడి చేసిందన్నట్టే ఇక్కడ 'టోనహీ' అంటారు. పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే, గేదె చచ్చిపోతే, ఊళ్ళో ఒంటరిగా బతికే ముసలామె టోనహీ అయిపోతుంది. ఆ పేరు పడ్డాక ఆమె ఏం చేసినా అది రుజువే. నోరు కదిపితే మంత్రం చదువుతోందంటారు, నోరు మూసుకుంటే దొరికిపోయింది కనుకే మాట్లాడటం లేదంటారు. 2005లో ఛత్తీస్‌గఢ్ టోనహీ వేధింపుల నివారణ చట్టం తెచ్చింది. ఒక మనిషిని టోనహీ అని వేలెత్తి చూపడమే నేరమంది. మంచి చట్టం. అదే 2005లో ప్రత్యేక ప్రజాభద్రతా చట్టం కూడా తెచ్చింది. ఇందులో నేరం చేయక్కర్లేదు. శాంతిభద్రతలకు అడ్డు తగిలే ధోరణి ఉన్నా చాలు, మాటలైనా రాతలైనా చట్టవ్యతిరేక కార్యకలాపమే. ముసలామె మీద ముద్ర వేయడం నేరమన్న ఏడాదే, ఇంకో రకం ముద్ర వేసే అధికారం ప్రభుత్వం తనకు తాను ఇచ్చుకుంది.

ఆ ముద్ర ఎలా పనిచేస్తుందో ఈ ఊరి కోర్టులోనే చూశాం. డాక్టర్ వినాయక్ సేన్ పిల్లల వైద్యుడు, పౌరహక్కుల సంఘం నాయకుడు. 2007 మే 14న బిలాస్‌పూర్‌లో అరెస్టు చేశారు. రాయ్‌పూర్ జైల్లో ఉన్న మావోయిస్టు నాయకుడు నారాయణ్ సన్యాల్ దగ్గర ఉత్తరాలు తీసుకుని బయటికి చేరవేశాడన్నది అభియోగం. ఆ జైలుకి ఆయన 30 సార్లకు పైగా వెళ్ళారు, వెళ్ళిన ప్రతిసారీ జైలు అధికారుల అనుమతితోనే. విచారణలో ప్రాసిక్యూషన్ ఒక ఈ-మెయిల్ బయటపెట్టింది. అది ఆయన భార్య 'ఐఎస్ఐ'కి చెందిన ఒకాయనకు రాసినది. పాకిస్తాన్ గూఢచారి సంస్థతో సంబంధాలున్నాయేమోనని అనుమానం! తీరా చూస్తే అది ఢిల్లీలోని ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్. అందులోనే వైట్‌హౌస్‌లో చింపాంజీ ఉందన్న మాట కనిపిస్తే అది టెర్రరిస్టుల సంకేత భాష కావచ్చన్నారు. బుష్ మీద జోకు కావచ్చని ఎవరికీ తోచలేదు. 2010 డిసెంబరు 24న రాయ్‌పూర్ సెషన్స్ కోర్టు రాజద్రోహం కింద యావజ్జీవ శిక్ష వేసింది. నవ్వాలో ఏడవాలో తెలియని రోజు అది. 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బెయిలు ఇస్తూ, ఇంట్లో గాంధీ పుస్తకం దొరికినంత మాత్రాన మనిషి గాంధేయవాది అయిపోడు కదా అన్న అర్థంలో అడిగింది. ఇంత మాట చెప్పడానికి సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది.

ఆయన డాక్టరు, చదువుకున్నవాడు, ఆయన కోసం లోకమంతా మాట్లాడింది. అడవిలో గోండు, కోయ మనిషి సంగతి?

2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సర్కేగూడలో కాల్పులు జరిగి 17 మంది చనిపోయారు. వాళ్ళలో మైనర్లున్నారు. పెద్ద ఎన్‌కౌంటర్ అని ప్రకటన వచ్చింది. అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం ముందు సమర్థించారు, తరువాత అమాయకులెవరైనా చనిపోయి ఉంటే విచారిస్తున్నానన్నారు. ఊరివాళ్ళు మాత్రం విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి చేరామని మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2019లో వచ్చింది. చనిపోయినవాళ్ళు మావోయిస్టులనడానికి తగిన సాక్ష్యం లేదు, గ్రామస్థుల వైపు నుంచి కాల్పులు జరగలేదు అని తేల్చింది. మర్నాటి ప్రకటనకి, ఈ నివేదికకి మధ్య ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళూ ఆ 17 మంది ప్రభుత్వ లెక్కల్లో మావోయిస్టులే. 2013 మేలో ఎడెస్‌మెట్టలో చనిపోయిన 8 మంది గ్రామస్థుల సంగతీ అంతే. భద్రతా దళాలు కంగారులో కాల్చాయని అదే జడ్జి నివేదిక చెప్పింది, 2022లో శాసనసభ ముందుకు వచ్చింది.

మిగతా ఎన్‌కౌంటర్లన్నీ బూటకమని నేను వాదించడం లేదు. రెండు తప్పుల నుంచి అన్నీ తప్పులేనని తీర్మానించడం మనం చేయాల్సిన పని కాదు. కానీ కమిషన్ వేసి చూసిన ఈ రెండు చోట్లా ప్రకటన నిలబడలేదు. కమిషన్ వేయని చోట్ల నిలబడిందని దేన్నిబట్టి చెబుతాం?

ఇది మన దగ్గరి జబ్బే కాదు. కొలంబియాలో గెరిల్లాలని ఎక్కువమందిని చంపిన సైనికులకి బహుమానాలు, సెలవులు ఇచ్చారు. సైనికులు మామూలు కుర్రాళ్ళని పట్టుకెళ్ళి చంపి, గెరిల్లా బట్టలు తొడిగి లెక్కలో వేశారు. 2002-2008 మధ్య అలా చనిపోయినవాళ్ళు 6402 మంది అని అక్కడి ప్రత్యేక న్యాయస్థానం 2021లో చెప్పింది. శవానికి వెల కడితే శవాలు వస్తాయి. మన సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులో ఎన్‌కౌంటర్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది గుర్తించింది. ఎఫ్ఐఆర్ రాయాలి, సీఐడీ గానీ వేరే స్టేషను పోలీసులు గానీ దర్యాప్తు చేయాలి, మేజిస్టీరియల్ విచారణ జరగాలి, ఘటన జరిగిన వెంటనే పతకాలూ ప్రమోషన్లూ ఇవ్వకూడదు. ప్రయోగం చేసినవాడే ఫలితం ప్రకటించకూడదన్న మన సూత్రమే ఇది.

ఇక సల్వా జుడుం. 2025 ఆగస్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేస్తున్నప్పుడు హోంమంత్రి అమిత్ షా ఒక మాట అన్నారు. 2011 నాటి ఆ తీర్పు రాకపోయి ఉంటే నక్సలిజం 2020 నాటికే అంతమయ్యేదట. దీన్ని కాస్త పరీక్షకు పెడదాం. అసలు ఆ తీర్పు ఏమిటి? ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి, నెలకు 3000 రూపాయలిచ్చి, ప్రత్యేక పోలీసు అధికారులనే పేరుతో మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని. అప్పటికి వాళ్ళు సుమారు 6500 మంది. ఇద్దరు జడ్జీలు ఇచ్చిన తీర్పు అది, రెండో ఆయన జస్టిస్ నిజ్జర్.

తీర్పు వచ్చాక ఆ యువకులు ఇంటికి వెళ్ళారా? లేదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అదే 2011లో సహాయక సాయుధ పోలీసు దళాల చట్టం చేసి వాళ్ళని అందులోకి తీసుకుంది. అంటే షా గారు కారణమంటున్న మార్పు నేల మీద జరగనే లేదు. ఇక అంకెలు చూడండి, హోంశాఖ అంకెలే. మావోయిస్టు హింసలో పౌరులు, భద్రతా సిబ్బంది కలిపి దేశంలో ఎక్కువమంది చనిపోయింది 2010లో, 1005 మంది. తాడ్‌మెట్లలో ఒక్క ఉదయం 76 మంది జవాన్లని మావోయిస్టులు చంపిన ఏడాది అది. తీర్పుకు ముందు ఏడాది! 2024కి ఆ సంఖ్య 150కి దిగింది. తీర్పు వల్లే తగ్గిందని నేననను, ఆ పొరపాటు నేనెందుకు చేయాలి? సల్వా జుడుం ఊరేగింపులు కూడా 2010 నాటికే చల్లబడ్డాయి, అదీ ఒప్పుకోవాలి. కానీ తీర్పు వల్ల హింస పెరిగిందనో ఆగకుండా సాగిందనో చెప్పడానికి ఈ అంకెల్లో చోటు లేదు. 2005 తర్వాత ఊళ్ళు తగలబడి వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి పారిపోయారు. మన పేపర్లు వాళ్ళకి గొత్తికోయలని పేరు పెట్టి, అడవి నరుకుతున్నారని రాశాయి. వాళ్ళెందుకు వచ్చారో రాసినవి తక్కువ.

మావోయిస్టుల లెక్క కూడా చూడాలి, లేకపోతే ఇదంతా ఏకపక్షం. ఇన్ఫార్మర్ నెపంతో హత్య, శవం పక్కన ఉత్తరం. ఈ వార్త మనం ఎన్నిసార్లు చదివి ఉంటాం? ఆ ఉత్తరంలో ఆరోపణ ఉంటుంది, శిక్ష అప్పటికే అమలై ఉంటుంది, రుజువు ఎక్కడా ఉండదు. ప్రజాకోర్టులో ఆరోపించేదీ విచారించేదీ చంపేదీ ఒకరే. టోనహీ పంచాయితీకీ దీనికీ తేడా చెప్పమంటే నేను చెప్పలేను. 2013 మేలో ఝీరం లోయలో మహేంద్ర కర్మని చంపినప్పుడు, ఆయన సల్వా జుడుం పెట్టాడు కదా అని గొంతు తగ్గించి సమర్థించినవాళ్ళు నాకు తెలుసు. ఆ దాడిలో చనిపోయిన మిగతావాళ్ళు ఏం పెట్టారు? మన బాలగోపాల్ ఈ ప్రశ్నని రెండు వైపులా అడిగి రెండు వైపులా మాటలు పడ్డారు.

2024 ఆగస్టు 24న ఇదే రాయ్‌పూర్‌లో అమిత్ షా 2026 మార్చికి నక్సలిజం ముగుస్తుందని ప్రకటించినప్పుడు, ముహూర్తం పెట్టారని నేను వెటకారం చేశాను. ఆ వెటకారం సగం తప్పయింది. 2025 మేలో పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయారు. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ లొంగిపోయారు, జగదల్‌పూర్‌లో ఒక్కరోజే 210 మంది లొంగిపోయారు. నవంబరులో మారేడుమిల్లి దగ్గర హిడ్మా చనిపోయారు. పార్టీ నడుం విరిగింది, ఇది వాస్తవం. ప్రభుత్వం గెలిచినంత మాత్రాన ప్రభుత్వం చెప్పినవన్నీ నిజాలైపోవు, ఇదీ వాస్తవమే.

కేశవరావుది మా పక్కింటాయన జిల్లాయే, జియ్యన్నపేట. మే 21న నారాయణపూర్ జిల్లా అడవుల్లో ఆయనతో కలిపి 27 మంది చనిపోయారన్నారు. శవాలు అప్పగించమని కుటుంబాలు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళాయి. పోస్టుమార్టం అయ్యాక ఇస్తామని అక్కడ ఛత్తీస్‌గఢ్ తరఫున చెప్పారు. చివరికి కేశవరావుతో సహా కొందరి శవాలని నారాయణపూర్‌లోనే పోలీసులు దహనం చేయించారు. కేశవరావు మావోయిస్టన్నదాంట్లో ఎవరికీ సందేహం లేదు. కానీ ఎంత దూరం నుంచి కాల్చారు, ఎలా కాల్చారు అన్నదానికి శవమే సాక్ష్యం. అది బూడిదయ్యాక చంపినవాళ్ళ ప్రకటన ఒక్కటే మిగులుతుంది.

ఆ వార్త వచ్చిన రోజు మా పక్కింటాయన పేపరు తీసుకురాలేదు. సాయంత్రం గేటు దగ్గర కనబడితే ఆయనే ఎత్తారు.

"వాడు ఎలాంటివాడైనా కానీండి మాష్టారూ, శవాన్ని ఇంటికి ఇవ్వరటండీ? ఎందుకివ్వలేదంటారు?"

"నాకు తెలియదండీ" అన్నాను.

"తెలియదంటారేమిటి, మీకేదో అనుమానం ఉండే ఉంటుంది."

"అనుమానం ఉంది. తెలియదు."

ఆయన కాసేపు గేటు పట్టుకుని నిలబడి, లోపలికి వెళ్ళిపోయారు.